మీ మొక్క పూసింది, మేడం

మేడం, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మొక్కల కోసం కొండలెక్కే ఆడమనిషి ఇంకెవరూ లేని రోజుల్లో, జ్వరంతో తూర్పు కనుమలు తిరిగి మీరు కనుక్కున్న మొక్క ఇవాళ అబుదాబిలో, మా అద్దాల తోటలో పూసింది.

కుండీ పక్కన బోర్డు మీద మీ ప్రొఫెసర్ పేరే ఉంది. ఆయన దాన్ని తనదిగా రాసుకున్నప్పుడు నోరెత్తలేకపోయానని క్లాసులో మాకు చెప్పారు మీరు.

ఇక్కడ దాన్ని బతికించింది నాతో పనిచేసే నెల్లూరు రజియా. సెలవురోజుల్లో కూడా వచ్చి నీళ్లు చిలకరించేది. మధ్యాహ్నం మా ముదీర్, అంటే మేనేజరు, వచ్చి, "ఎవరు పెంచారు?" అని అడిగాడు. రజియా నా పక్కనే ఉంది.

"నేనే సర్," అన్నాను.

"యల్లా, ఫోటోకి నిలబడు."

రజియా చున్నీతో కుండీకంటిన మట్టి తుడిచి, పక్కకు జరిగింది.

మీ ప్రొఫెసర్‌ని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఇవాళ్టితో మానేశాను.