విత్తనాల పాటలో నా అరుపు

తమ్ముడూ సోమయ్యా,

నాకు రాత సరిగా రాదని నీకు తెలుసు. అయినా ఈ మాట ఇంకొకరి చేత రాయించను.

నాయిన పాడిన విత్తనాల పండుగ పాటను రికార్డు చేసి డిస్కులో దాచానని, నాయిన పోయాక నువ్వు చెప్పావు. ఆ డిస్కును బడి కంప్యూటర్‌కు తగిలించి చూపించమన్నాను. అందులో ఏమీ కనిపించలేదు. "నోరు తెరిస్తే అబద్ధమేనారా నీకు" అని చుట్టాలందరి ముందు తిట్టాను. ఆ తర్వాత నువ్వు పండుగకు రాలేదు. రెండేళ్లకు కన్నుమూశావు.

ఖమ్మంలో కంప్యూటర్ పని చేసే నీ బిడ్డ రాధ నిన్న వచ్చింది. ఆ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసిందట. ఆ ఫైలు లోపల రెండు భాగాలున్నాయి. ఆ రోజు మేం చూసిన ఖాళీది ఒకటే. రెండోది లినక్స్ అనే వేరే రకం కంప్యూటర్లది, బడి కంప్యూటర్‌కు అది కనిపించదట. రాధ తన లినక్స్ కంప్యూటర్లో ఏదో కమాండ్ కొట్టి, రెండు భాగాలనూ విడివిడిగా చూపించి, రెండోదాన్ని తెరిచింది.

నాయిన గొంతు వచ్చింది. పాట సగంలో ఉండగా ఇంకో గొంతు అడ్డం వచ్చింది. "ఆపుర ఆ డబ్బా! ఇది దేవుని పాట, నీ మిషన్ల పెట్టుడేంది?" ఆ గొంతు నాదే. అట్లా అరిచినట్టు నాకు గుర్తే లేదు. నాయిన అక్కడే ఆగిపోయాడు. మిగతా సగం ఇప్పుడు ఎవరికీ రాదు.

"పెద్దనాయినా, నీ అరుపు తీసెయ్యాల్నా?" అని రాధ అడిగింది.

"వద్దు బిడ్డా. రేపు పండుగల అందరి ముంగట గట్లనే పెట్టు" అన్నాను.

నిన్ను తిట్టింది వాళ్ల ముందరే కదా.