గొంతులో లేని నూలుపోగు

జూలై 2
ఇడ్లీ. సగమే. ఛాతీ మధ్యలో ఆగింది. నీళ్లు తాగితే అవీ దాని మీదే నిలబడ్డాయి. పెరట్లోకి పరుగు.
ఏడు నెలలు. డిగ్రీ చివరి ఏడాది హాస్టల్లో మొదలైంది. చదువు అయిపోయింది, ఇది అవలేదు.

జూలై 5
ఊళ్లో డాక్టరు మళ్లీ గ్యాస్ అన్నాడు. మళ్లీ అవే గులాబీ మాత్రలు. మాత్ర కూడా దిగదని చెప్తే నవ్వాడు. నేను నవ్వలేదు.

జూలై 6
అమ్మ ఈరోజూ పెద్ద ముద్దే పెట్టింది. సంగటి మా ఇళ్లలో ఎవరూ నమలరు — పులుసులో ముంచి మింగడమే. ఆ బరువుకు లోపల అడ్డం ఉన్నది తోసుకుపోతుందని అమ్మ నమ్మకం. అడ్డం ఏముందో మాత్రం చెప్పదు. "మింగు మే, కండ్లు మూసుకోని మింగు."
మింగాను. పావుగంట గోడ పట్టుకుని నిలబడ్డాను. నాయన మగ్గం ఆపి చూస్తున్నాడు.

జూలై 9
ఇప్పుడు తెలిసింది.
మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకు పోగు ఎక్కించడానికి అమ్మ సన్న తీగ వాడుతోంది. ఇరవై ఏళ్లుగా నోటితోనే పీల్చేది — నాడె కన్నానికి పెదవులు ఆనించి ఒక్క పీల్పు, పోగు బయటికి. నాకూ ఎనిమిదేళ్లప్పుడు అట్లాగే నేర్పింది. ఈ తీగ ఎందుకని అడిగితే ముందు విసుక్కుంది. తర్వాత మెల్లగా — "అప్పుడు పీల్చిన పోగు నీ గొంతులోనే ఉండాది మే. నేనే గదా నేర్పిస్తి."
ఇన్నాళ్లూ దీన్ని మోస్తోంది. అందుకా ఆ ముద్దలు.
కోపం రావాలి. రాలేదు.

జూలై 10
పోగే అయితే పదమూడేళ్లు ఊరుకుంటుందా అని వాదించాను. "నూలు గదా, ఊరుతాది" అంది. నా బీయస్సీ అక్కడే ఓడిపోయింది.

జూలై 14
కడప. చెవి ముక్కు గొంతు డాక్టరు. ముక్కులోంచి కెమెరా. గొంతు శుభ్రంగా ఉందట. తేడా ఇంకా కింద, అన్నవాహికలో ఉండొచ్చు, కర్నూలులో దాన్నే ప్రత్యేకంగా చూసే ఆవిడ ఉంది, వెళ్లమని చీటీ రాశాడు.
మొదటిసారి ఒకరు గ్యాస్ అనలేదు. తిరుగు బస్సులో కిటికీ సీటు. ఏదో పరీక్ష పాసైనట్టు...

జూలై 21
కర్నూలు. లోపలికి కెమెరా పంపారు. తర్వాత సున్నపు నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే. తెల్లటి మందు ఛాతీ కింది దాకా పోయి, అక్కడ సన్నగా మొనదేలి, ఆగిపోయింది. నా ఏడు నెలలు ఒక్క బొమ్మలో.
అమ్మ లేచి నిలబడింది. "పోగు కనపడిందా మేడం?"
ఏ పోగు అని డాక్టరు అడిగింది. అమ్మ అంతా చెప్పింది — నాడె, నోరు, నా ఎనిమిదేళ్లు. డాక్టరు నవ్వలేదు. కంప్యూటరు అమ్మ వైపు తిప్పింది. "గొంతు నుంచి కడుపు దాకా చూశానమ్మా. పోగు లేదు. కింద ఒక కండరం బిగుసుకుపోయింది, మింగేటప్పుడు వదలట్లేదు. మీరు చేసింది కాదు ఇది."
అమ్మ రెండోసారి చెప్పించుకుంది.
సంగటి ముద్దలు మాత్రం మానేయమంది డాక్టరు.

జూలై 22
అడిగిన వాళ్లందరికీ నాయన చెప్తున్నాడు: "మగ్గం మీద పడుగు బిగువెక్కువైతే ఎట్లుంటాదో అట్లప్పా. సడలిస్తారంట." ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

జూలై 29
మళ్లీ కర్నూలు. ముక్కులోంచి సన్న గొట్టం. పది గుక్కలు, లెక్కపెట్టి మింగించారు. ఆ కండరమేనని తేలింది. బెలూన్‌తో సాగదీస్తారు. కొందరికి ఒక్కసారి చాలు, కొందరికి మళ్లీ చేయాలి. నేను ఏ కొందరో.

ఆగస్టు 4
ఎల్లుండి బెలూన్. అప్పటిదాకా గంజి, మజ్జిగ. తర్వాత తినాల్సినవి రాసుకున్నాను: ఉగ్గాని, బజ్జీ. కింద ఎమ్మెస్సీ అప్లికేషన్ అని కూడా రాశాను, తినేది కాకపోయినా.
పొద్దున అమ్మ మగ్గం మీద ఉంది. పోగు తెగింది. తీగ కోసం చెయ్యి చాచి... ఆగింది. నాడె పెదవులకు ఆనించుకుంది. ఒక్క పీల్పు.
నేను చూస్తున్నానని అమ్మకు తెలుసు. తల ఎత్తలేదు.
మజ్జిగ గ్లాసు తీసుకుని ఒక గుక్క మింగాను. ఛాతీలో ఆగింది. నిలబడ్డాను... కదులుతోందా?