వీరేష్ కాలి నరాలు

డాక్టరు గారూ,

పోయిన ఏడు మా వీరేష్ బండి మీద నుంచి పడి చనిపోయినప్పుడు, కండను ఎముకకు పట్టి ఉంచే వాడి కాలి నరాలు ఇస్తే మోకాలు దెబ్బతిన్న ఎవరో మళ్లీ పరుగెత్తుతారని మీరు చెప్పారు. సరేనన్నాను. వాటిని ఎవరికీ వేయలేదని, ఎంత బలానికి తెగుతాయో చూడటానికి యంత్రానికి బిగించి తెగేదాకా లాగారని మొన్న మీ ల్యాబులోనే తెలిసింది.

వాడి తల్లి నల్లమ్మకు నేనింకా చెప్పలేదు. మోకాలికి పట్టీ కట్టుకున్న కబడ్డీ పిల్లలెవరు కనిపించినా ఆమె ఉప్పు తిప్పి దిష్టి తీస్తోంది. "మా వీరేషు నరం నీ కాల్లోనే ఉండాదేమోనప్పా, పదిలం" అంటోంది.

అందుకే, ఆ నరం వేయించుకున్న ఎవరో కబడ్డీ ఆడుతున్నారని ఆమెకు ఒక ఉత్తరం రాయండి. మొదటి అబద్ధం మేము అడగకుండానే చెప్పారు. ఈ రెండోది నేనే అడుగుతున్నాను.

వీరేష్ నాయన,
బెళుగుప్ప