మీ ఇంటి చుక్క, మా ఇంటి చుక్క

పామర్రు,
నవంబరు 20.

శ్రీవారికి,

మీ జ్యోతి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క మామయ్యగారి గొంతు తప్ప. మీ పరేడ్ తారీకు తెలిసిన దగ్గర్నుంచీ షాపుకొచ్చిన ప్రతి మనిషికీ "మావాడు సిపాయిగా వెళ్లి ఆఫీసరుగా వస్తున్నాడండీ" అని చెప్పి చెప్పి బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతూ కూడా చెబుతున్నారు. మొన్న ఒకావిడ చీరలు చూద్దామని వచ్చి, మీ కథంతా విని, కళ్లు తుడుచుకుని, చీర సంగతి మర్చిపోయి వెళ్లిపోయింది. అక్కడ మీరూ క్షేమమని, నేను పంపిన కొబ్బరినూనె పెదాలకి రాసుకుంటున్నారని తలుస్తాను. రాసుకోకపోతే ఇప్పుడే లేచి రాసుకోండి.

మీ ఉత్తరం మంగళవారం అందింది. మీరు ఫోన్ చేసిన కాసేపట్లో ముప్పాతిక వంతు అత్తయ్యగారి చేతిలోనే ఉంటుంది కాబట్టి మనిద్దరికీ ఉత్తరమే గతి. అక్కడ చేరిన కొత్తలో మీ ఫోన్లు తీసేసుకున్నారని ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు మాత్రం ఆ మహానుభావులు చల్లగా ఉండాలి. లేకపోతే మీ చేత ఇన్ని ఉత్తరాలు ఎవరు రాయించగలిగేవాళ్లు?

అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. రేషను షాపు పేరెత్తితే నొప్పి వస్తోంది, డెహ్రాడూన్‌లో మీ పరేడ్ పేరెత్తితే పోతోంది. టికెట్లు అయిపోయాయి. విజయవాడలో ఎక్కి ఢిల్లీలో దిగి, అక్కడ బండి మారతాం. మంకీ క్యాపులు కొన్నాం. మామయ్యగారు పామర్రు ఎండలో అది పెట్టుకుని అద్దంలో చూసుకుని "చలి ఆగుద్దిలే" అని సర్టిఫికెట్ ఇచ్చారు. మీ స్నేహితులకని బందరు లడ్డూలు చెప్పాం. దార్లో మామయ్యగారి కంటపడకుండా దాచే పూచీ నాది.

ఇక అసలు సంగతి. "సుభాని వస్తున్నాడా? నా ఫోన్ ఎందుకు ఎత్తట్లేదు? వాడు లేకుండా ఆ చుక్కలు పెట్టుకుంటే నాకు భుజం నిండదు" అని రాశారు. ఆ వాక్యం చదివి నాకు అన్నం సయించలేదు. మీరిద్దరూ ఒకే ఆర్మీ ర్యాలీలో పరుగెత్తి, ఒకే రోజు గుండు చేయించుకుని, ఒకే బ్యారెక్‌లో మంచాలు వేసుకున్నవాళ్లు. ఆఫీసరు పరీక్షా కలిసే రాశారు. మీరు దాటారు. సుభాని అన్నయ్య ఇంటర్వ్యూ దగ్గర రెండుసార్లు ఆగిపోయాడు, ఆ తర్వాత వయసు దాటిపోయింది. అయినా మీరు ట్రైనింగ్‌లో ఉన్న ఇన్నేళ్లలో ఏనాడూ మొహం చిన్నబుచ్చుకోని మనిషి, పరేడ్ తారీకు రాగానే ఎందుకు ముడుచుకుపోయాడు? సెలవు మీద భవానీపురంలోనే ఉన్నాడు, ఒక్కసారి ఇటు తొంగి చూడలేదు. వెళ్లి అడుగుదామంటే నాకూ భయమేసింది. అడగ్గానే రానంటే మీకేం రాయను?

చివరికి అక్కడికి వెళ్లే సాకు మన పెద్దవాళ్లే ఇచ్చారు. వినండి, వాళ్ల ఘనకార్యం!

పరేడ్ అయ్యాక ఇంటివాళ్లే భుజాల మీద నక్షత్రాలు పెడతారని మీరు ఫోన్లో చెప్పారా? పెట్టేది మనమైతే తెచ్చేదీ మనమేనని మామయ్యగారు తీర్మానించుకున్నారు. ఎవరితోనూ చెప్పకుండా కంసాలి దగ్గర వెండి నక్షత్రాలు చేయించి బంగారు నీరు పట్టించారు. ఈ సంగతి తెలిసి మా నాన్న భవానీపురం నుంచి బస్సెక్కి వచ్చేశారు. సంజీవరావుగారి గొంతు మీకు తెలుసుగా, కండక్టరు ఉద్యోగం వదిలినా ఆ గొంతు ఆయన్ని వదల్లేదు.

"ఇదెక్కడి న్యాయం బావగారూ? పుస్తెలు చేయించేటప్పుడు ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది అన్నాం కదా! అల్లుడి భుజం మీద రెండు చుక్కలుంటే ఒకటి మీ ఇంటిది, ఒకటి మా ఇంటిది కావద్దూ?"

"పుస్తెలు పిల్ల మెడలోవి. ఇయ్యి మావాడి భుజం మీదవి. రెండూ మావే" అన్నారు మామయ్యగారు, ఆ బొంగురు గొంతుతోనే.

"పిల్లనే ఇచ్చినవాళ్లం, చుక్క ఇవ్వలేమా అండీ?"

పాండురంగయ్యగారికీ సంజీవరావుగారికీ మధ్య ఆ పూట ఇల్లు దద్దరిల్లిపోయింది. అత్తయ్యగారు వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి "చెరొకటీ పెట్టండి, నోళ్లు మూయండి" అంటే అప్పుడు సద్దుమణిగింది. రెండో వారానికి మా నాన్న చేయించినవీ వచ్చాయి. మామయ్యగారిది అయిదు కోణాలు, పావలా కాసంత. మా నాన్నది ముగ్గులో నక్షత్రంలాగా ఆరు కోణాలు, దానికి రెట్టింపు! పక్కపక్కన పెడితే తల్లీ పిల్లా అన్నట్టున్నాయి. ఏది పైన ఉండాలి, కుడి భుజం ఎవరిది, ఎడమ ఎవరిది అని మళ్లీ మొదలు. ఇంతమంది పెద్దమనుషుల్లో నా చెయ్యి ఎక్కడ పెట్టాలో అడిగినవాళ్లు ఒక్కరూ లేరండీ. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ పద్ధతులు తెలిసిన మనిషిని అడిగొస్తా" అని ఆ చుక్కలన్నీ జేబురుమాల్లో మూటగట్టుకుని విజయవాడ బస్సెక్కాను. బస్టాండులో ఆటో మాట్లాడుకుని నేరుగా భవానీపురం, సుభాని అన్నయ్యా తబస్సుమూ ఉండే ఇంటికి.

తలుపు తీసిన తబస్సుం నన్ను చూసి చీర కొంగుతో కుర్చీ తుడిచి "రండి మేడమ్, కూర్చోండి" అంది.

నేను కూర్చోలేదు. మిలిటరీ క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ మా రెండిళ్లకీ ఒకే మిక్సీ. నాకు జ్వరమొస్తే నా తల ఒళ్లో పెట్టుకుని "ఏమే జ్యోతీ, చస్తే చెప్పి చావు" అని నవ్వించిన మనిషి. ఆ నోటితో మేడమ్!

"మేడమ్ ఎవత్తే? ఇంకోసారి అన్నావంటే నీ మిక్సీ చిన్న జారు నా దగ్గరే ఉంది, ఈ జన్మకి తిరిగివ్వను!" అన్నాను.

నవ్వింది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "రేపు మీ ఆయన ఆఫీసరు, మా ఆయన హవల్దారు. ఇద్దరికీ ఒకే చోట పోస్టింగ్ పడిందనుకో, మీ ఇంటికి నేను ఏ గుమ్మంలోంచి రావాలే?" అని అడిగింది. మాట మార్చి "అన్నయ్యేడీ?" అన్నాను.

పెదాల మీద వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని లోపలి గది తలుపు దాకా తీసుకెళ్లింది. వారగా చూశాను. సుభాని అన్నయ్య పూర్తి యూనిఫాంలో ఉన్నాడు. గంజి పెట్టిన మడతలు, మెరిసే బూట్లు. బీరువా అద్దం ముందు నిలబడి సెల్యూట్ కొట్టాడు. చెయ్యి దించి "ఊహూ" అని తల అడ్డంగా ఆడించాడు. మోచెయ్యి సర్దుకుని మళ్లీ కొట్టాడు.

"వారం నించీ ఇదే వరస" అంది తబస్సుం నా చెవిలో. "ఇన్నేళ్లు రోజూ కొట్టిన సెల్యూట్ ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటన్నాడు. యూనిట్లో పర్మిషన్ అడిగాడు, డెహ్రాడూన్‌కి మా ఇద్దరికీ టికెట్లూ తీశాడు. మీ ఆయన ఫోను మోగితే మాత్రం దాని వంక చూస్తా కూర్చుంటాడు."

నాకు కాళ్లు ఆగలేదండీ. తలుపు తోసేశాను. అద్దంలో నన్ను చూసి అన్నయ్య టోపీ తీసి వెనక దాచుకున్నాడు, దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

"ఏంటన్నయ్యా ఇది? అక్కడ ఆయన మీరు రారేమోనని తిండి మానేసి కూర్చుంటే!"

"ఫోన్ ఎత్తి ఏమనాలి చెల్లెమ్మా? 'ఒరే సాయీ' అననా, 'జైహింద్ సాబ్' అననా? మొదటి మాట దగ్గరే ఆగిపోతన్నా. అందుకే మాట లేకుండా అయిపోయే పని సాధన చేస్తన్నా."

"మీకు ఆఫీసరు ఉద్యోగం రాలేదని బాధ లేదా?" అని అడిగేశాను. నా నోరు మీకు తెలిసిందే కదా.

"ఎందుకు లేదు? బోలెడంత ఉంది. ఇంటర్వ్యూ నించి తిరిగొచ్చిన రోజు సాయిగాడి భుజం మీదే ఏడ్చాను. ఆ భుజం మీదికే ఇప్పుడు చుక్కలొస్తన్నాయి, చూడకుండా ఉంటానా?" అన్నాడు.

అప్పుడు నేను జేబురుమాలు విప్పాను. అన్నయ్య ఆ చుక్కల్ని చూసి, నా మొహం చూసి, మంచం మీద కూలబడి నవ్వాడు చూడండీ, పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. "ఇయ్యి పెట్టుకుంటే మావాణ్ణి గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తారు తల్లీ! చుక్కలు వాళ్లవే. ముందే భుజాలకి పెట్టి పైన గుడ్డ కప్పి ఉంచుతారు. ఇంటివాళ్లు చేసేదల్లా ఆ గుడ్డ తియ్యడం" అన్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పేసరికి వియ్యంకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, జీవితంలో మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు: "ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దు." చుక్కలు కనకదుర్గమ్మకి ఇచ్చేద్దామన్నారు అత్తయ్యగారు. ఎడమ భుజం అత్తయ్యగారిదీ మామయ్యగారిదీ, కుడి భుజం నాది. ఇది నా తీర్మానం, అప్పీలు లేదు.

ఇప్పుడు మీకు చెప్పకుండా చేసిన పని చెబుతాను. కోప్పడకండి. ఆ కుడి భుజాన్ని నేను ఆ రోజే సుభాని అన్నయ్యకి ఇచ్చేయబోయాను. "నా బదులు మీరు తీయండి అన్నయ్యా, మీకే ఆ హక్కుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లు ఒంటరిగా ఉన్నది నువ్వు, నీ చెయ్యే పడాలి. నాకు వేరేది కావాలి. వాడికి మొదటి సెల్యూట్ నేను కొట్టాలి. ఇంకెవరూ నాకంటే ముందు కొట్టకూడదు" అన్నాడు. సరేనని మీ తరఫున మాటిచ్చేశాను.

"నువ్వెలా ఉన్నావు, నిజం చెప్పు" అని అడిగారు కదా. సంతోషంతో నిద్ర పట్టట్లేదు, అది నిజం. దాని అడుగున ఒక భయం ఉండేది, అదీ నిజం. మీరు ఆఫీసరై మారిపోతారని కాదు. మిమ్మల్ని మార్చడం ఆ బ్రహ్మతరం కూడా కాదు. నేను మారిపోతానేమోనని భయం. కొత్త ఇల్లు, కొత్త మర్యాదలు, ఇంగ్లీషు మాటలు, వాటి మధ్య పడి తబస్సుం వచ్చినప్పుడు నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తానేమోనని. వచ్చేటప్పుడు దానికి జవాబు చెప్పే వచ్చాను. "నేను ఏ గుమ్మంలోంచి వెళ్తే నువ్వూ ఆ గుమ్మంలోంచే రావాలి. రాకపోతే నీ జారు గతి తెలుసుగా" అన్నాను. "జ్యోతీ, ఆ జారు ఈసారైనా తెచ్చివ్వవే" అంది. ఆ పిలుపు విన్నాక నాకు కడుపు నిండిపోయింది.

అందుకని జాగ్రత్తగా వినండి. ఆ రోజు నేను కుడివైపు గుడ్డ తీయగానే ఎదురుగా సుభాని అన్నయ్య వచ్చి నిలబడతాడు. మీరు నవ్వకూడదు, ఏడవకూడదు, "ఒరేయ్" అని మీద పడి వాటేసుకోకూడదు. అన్నయ్య గట్టిగా చెప్పమన్న మాట ఇదే: "వాడు నా సెల్యూట్‌ని సగంలో ఆపితే నా పరువు పోద్ది చెల్లెమ్మా. ముందు నిలబడి తీసుకోమను. పూర్తిగా తిరిగివ్వమను." మీరు చెయ్యి ఎత్తి, ఆయన కళ్లలోకి చూసి, ఆ సెల్యూట్ ఆయనకి తిరిగివ్వాలి. అక్కడ రోజూ ఎన్నో నేర్పి ఉంటారు. ఇదొక్కటీ మాత్రం అద్దం ముందు నిలబడి మీరే సాధన చెయ్యండి. ఆయన ఇక్కడ చేస్తున్నాడు.

అది అయిపోయాక ఇద్దరూ గేటు దాటి రోడ్డు మీదికి రావాలట. అక్కడ అన్నయ్య టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఇన్నాళ్లూ ఫోన్లో అనలేకపోయిన "ఒరే సాయీ" అనే మాట అంటాడట. అది వినడానికి నేనూ తబస్సుమూ మీకంటే ముందే గేటు బయట ఉంటాం.

ఇట్లు,
మీ కుడి భుజం హక్కుదారు, మీ అర్ధాంగి
జ్యోతిర్మయి