తిరగబడ్డ ఎల్‌ఈడీ

నాన్నా, పోయినసారి రాసిన కార్డు చూసి కంగారు పడ్డావేమో, నా ఉద్యోగం ఊడలేదు. మేం చేసిన బస్టాండు లైట్ల బోర్డులో ఒక వరస వెలగకపోతే మా మేస్త్రీ, "పాడైంది, పారెయ్యండి" అన్నాడు. నేను విప్పి చూశాను. గింజంత ఎల్‌ఈడీ ఒకదాన్ని నేనే తిరగేసి అతికించానని తేలింది. అది కరెంటును ఒకవైపు నుంచే పోనిస్తుంది. ఒక్కటి అడ్డం తిరిగితే వరసంతా చీకటే. సరిచేసి, తప్పు నాదేనని చెప్పేశాను. మేస్త్రీ, "ఇకమీదట అందరి బోర్డులూ నువ్వే చూసి పంపు" అన్నాడు.

మనింటి మెట్ల దగ్గర ఆరిపోయిన ఎల్‌ఈడీ బల్బు పారెయ్యకు, నువ్వు విప్పకు. లోపలి గింజల్లో ఒక్కటే మాడి ఉంటుంది, నేనొచ్చి మారుస్తాను. అందాకా అమ్మను చీకట్లో మెట్లు దిగనివ్వకు. తన మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడికి దీవెనలు.

ఇట్లు,
ఇప్పటికీ చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కునే నీ కూతురు