దయచేసి ఆపవద్దు

చిరంజీవి బుల్లికి,

బాబాయి దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ పిన్నీ క్షేమం. లాప్‌టాప్ క్షేమంగా లేదు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నేను ఫోన్‌లో గుసగుసలాడితే పక్కవాటా వాళ్లు జవాబు చెబుతారు. ఇదేమో మీ పిన్ని చెవిన పడకూడని సంగతి.

వచ్చే శనివారం కాక ఆపై శనివారం మీ పిన్ని హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం నుంచి రిటైరవుతోంది. బళ్లో సభ పెడుతున్నారు. భర్తగా నేను కూడా మాట్లాడాలట. మా ఇంట్లో పెళ్లయిన నాటి నుంచి మాట్లాడే పని ఆవిడది, వినే పని నాది. ఇప్పుడు ఉన్నట్టుండి ఇలా చార్జి మార్చేస్తే ఎలా? అయినా ఒప్పుకున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ గురించి నలుగురిలో ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. ఇప్పుడు కూడా నోరు మూసుకుని కూర్చుంటే మనిషినే కాను.

నువ్విచ్చిన లాప్‌టాప్‌లో మూడు నెలల నుంచి ఆ ఉపన్యాసం మీదే ఉన్నాను. ఆవిడ బడికి వెళ్లగానే తెరవడం, వచ్చే వేళకు మూసెయ్యడం. మొన్న పొద్దున తెరిస్తే 'అప్‌డేట్ చేయమంటారా?' అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఒక మాట అడిగి చేసేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారని పొంగిపోయి అవునన్నాను. అది తనంతట తానే ఆరిపోయి, మళ్లీ వెలిగి, ఆ వెలగడంలోనే ఆగిపోయింది. నల్లటి తెర, గుండ్రంగా తిరిగే చుక్కలు, కింద 'ముప్ఫయి శాతం. దయచేసి కంప్యూటర్ ఆపవద్దు' అని ఒక ముక్క. ఇవాళ్టికీ అదే ముప్ఫయి.

ఏం చెయ్యాలో వెంటనే రాయి. మా ఇంటికి కాదు, కింద దర్జీ కొట్టు చిరునామాకు రాయి. ఆయన నాకు నమ్మకస్తుడు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. 'దయచేసి' అంది, గమనించావా? రైలు గేటు దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్లూ పైవాడెవడూ నాతో ఆ మాట అనలేదు. దీంతో నేను కటువుగా ఉండలేను.

*

పూజ్యులైన బాబాయికి,

నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. సర్వీస్ సెంటర్లో రోజూ నా బల్ల మీదకు ఇలా బిగుసుకుపోయినవి గంపెడు వస్తాయి. ఇదేం పెద్ద జబ్బు కాదు, కంగారు పడకు.

అది పనిచేయడం లేదు బాబాయ్, పనిచేస్తున్నట్టు నటిస్తోంది. ఆ చుక్కలు తిరగడం నమ్మకు. ముందు దానికి తగిలించినవన్నీ పీకెయ్. మౌసు, పెన్‌డ్రైవ్, చార్జరు, అన్నీ. తర్వాత ఆన్ చేసే మీట తెర ఆరిపోయేదాకా గట్టిగా నొక్కి పట్టుకో. కాసేపాగి మళ్లీ నొక్కు. నూటికి తొంభై సార్లు అదే తేరుకుంటుంది. నీ ఉపన్యాసానికి ఏమీ కాదు.

పిన్ని గురించి నువ్వు మాట్లాడతావంటే నాకు ఇక్కడ కూర్చునే కళ్లు చెమర్చాయి. సభకు నేను రాలేను, సెలవు లేదు. ఉపన్యాసం తెరుచుకోగానే నాకూ ఒక కాపీ పంపు.

ప్రేమతో,
బుల్లి

తా.క. తగిలించినవన్నీ అంటే లాప్‌టాప్‌కు తగిలించినవి. పోయినసారి టీవీ సంగతిలో జరిగింది గుర్తుంది కాబట్టి విడిగా రాస్తున్నాను.

*

చిరంజీవి బుల్లికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మౌసు పీకాను. చార్జరు పీకాను. పీకగానే అది కుయ్‌మంది. పాపం అనిపించి చార్జరు మళ్లీ పెట్టాను. బల్ల మీది గుడ్డ కూడా తీసేశాను, నీ తా.క. ఆలస్యంగా చదివాను.

మీట మాత్రం నొక్కలేదు. కోపం తెచ్చుకోకు. ఆపవద్దని రాతపూర్వకంగా ఆజ్ఞ ఉంది. ఆపమని నువ్వు రాశావు, కాదనను. కానీ మా డిపార్టుమెంటులో ఒక పద్ధతి ఉండేది. గేటు వెయ్యమన్న స్టేషన్ మాస్టరే ఎత్తమనాలి. మధ్యలో కలెక్టరు కారు దిగొచ్చి ఎత్తమన్నా ఎత్తకూడదు. ఒకసారి దిగొచ్చాడు కూడా. ఎత్తలేదు. ఇక్కడ ఆపవద్దన్నది తెర. ఇక ఆపవచ్చని తెరే అనాలి.

అంతవరకూ దాన్ని ఒంటరిగా వదలడం ధర్మం కాదని కాపలా కూర్చుంటున్నాను. నేను స్నానానికి లేస్తే పై అంతస్తు డ్రిల్లు మాస్టారు కూర్చుంటాడు. ఆయన లేస్తే బ్యాంకు క్యాషియరు. ఇద్దరూ రిటైరైనవాళ్లే, పని దొరికిందని మొహాలు కళకళలాడుతున్నాయి. చార్జి అప్పగించేటప్పుడు లేచి నిలబడి 'తిరుగుతోంది, అంతా సవ్యం' అనాలి. అందుకునేవాడు 'అందుకున్నాను' అనాలి.

నిన్న మధ్యాహ్నం ముప్ఫయి కాస్తా ముప్ఫయి ఒకటి అయింది! క్యాషియరు డ్యూటీలో ఉన్నాడు. కుర్చీలోంచి లేచి కేక పెట్టాడు. అందరం పరుగెత్తుకొచ్చి చూశాం. డ్రిల్లు మాస్టారు ఒప్పుకోడు, తన డ్యూటీలోనే ముప్ఫయి ఒకటి అయిందనీ, క్యాషియరు నిద్రలేచి ఇప్పుడు చూశాడనీ అంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. చార్జి సైగలతో మార్చుకుంటున్నారు.

మీ పిన్నికి అనుమానం రాలేదు. ముగ్గురు మగవాళ్లు ఒక గదిలో నోరెత్తకుండా కూర్చున్నారు, ఇంతకంటే ఏం కావాలని తలుపు దగ్గరకు వేసి వెళ్లింది.

ఇట్లు,
కాపలాలో ఉన్న
మీ బాబాయి

తా.క. నటిస్తోందని రాశావు. ఇన్ని రోజులు విసుగూ విరామం లేకుండా నటించేవాళ్లెవరైనా ఉంటే వాళ్లను కూడా గౌరవించాల్సిందే.

*

పూజ్యులైన బాబాయికి,

నమస్కారాలు. నీ ఉత్తరం మా మేనేజరు చదివాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

బాబాయ్, అది మనిషి కాదు, దానికి ఆజ్ఞలిచ్చే హోదా లేదు. ఇలా వదిలేస్తే సభనాటికి కూడా ముప్ఫయి రెండు దాటదు. ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదువు. మీట నొక్కి ఆపు, మళ్లీ పెట్టు. చుక్కలు కనబడగానే మళ్లీ ఆపు. ఇలా వరసగా మూడుసార్లు చేస్తే అది భయపడి నీలం తెర చూపిస్తుంది. అందులో సేఫ్ మోడ్ అని ఉంటుంది. అంటే అత్యవసరమైనవి మాత్రమే పనిచేస్తూ మిగతావన్నీ పడుకునే స్థితి. అందులోకి వెళ్లాక కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ను తీసెయ్యొచ్చు. లాప్‌టాప్ అప్‌డేట్‌కు ముందు రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది.

నువ్వు చెయ్యవని నాకు తెలుసు. అందుకే మీ ఊళ్లోని మా బ్రాంచి నుంచి మెకానిక్‌ను పంపిస్తున్నాను. దుబ్బు మీసాలాయన, ఇరవయ్యేళ్ల అనుభవం. ఆయన్ను లోపలికి రానియ్యి, నీళ్లియ్యి, లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి పక్కకు తప్పుకో. అంతే నీ పని.

ప్రేమతో,
బుల్లి

తా.క. ఆయన చేతికి రాతపూర్వకమైన ఆజ్ఞ ఇచ్చి పంపాను, మా కంపెనీ ముద్రతో. ఇంక నీ దగ్గర సాకు లేదు.

*

చిరంజీవి బుల్లికి,

బాబాయి ఆశీస్సులు. నీ మీసాల మెకానిక్ వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ముద్ర ఉన్న కాగితం చూపించాడు. చూశాను. అందులో 'పరిశీలించి తగు చర్య తీసుకోగలరు' అని ఉంది. ఆపమని ఎక్కడా లేదు. ముందు పరిశీలించమన్నాను. పరిశీలించాలంటే కూర్చోవాలి కదా, కూర్చున్నాడు. కాసేపటికి నాకు తలనొప్పిగా ఉండి నడుం వాల్చాను. లేచేసరికి ఇంకా కూర్చునే ఉన్నాడు. 'తిరుగుతోందండీ, అంతా సవ్యం' అన్నాడు. మళ్లీ రేపు పొద్దున షిఫ్టుకు వస్తానని తనే చెప్పి వెళ్లాడు. డ్రిల్లు మాస్టారుకీ క్యాషియరుకీ మధ్య ఇలాంటి తటస్థుడు ఒకడు ఉండటం మంచిదే.

సేఫ్ మోడ్ గురించి రాశావు. అత్యవసరమైనవి పనిచేస్తూ మిగతావి పడుకోవడమంటే, రిటైరైన దగ్గర్నుంచి నేనున్నది అందులోనే. అందులో ఉపన్యాసాలు రావు.

ఇక అప్‌డేట్‌కు ముందు రోజుకు వెళ్లిపోవడం నాకు సమ్మతం కాదు. ఆ రోజు మీ పిన్నికి క్షమాపణ చెప్పాను. కిటికీ తీసి ఉంచి పరుపు తడిపించిన సంగతిలే. ఎంతో కష్టపడి చెప్పాను. మళ్లీ చెప్పే ఓపిక లేదు.

మీ పిన్నికి ఇప్పుడు కాస్త అనుమానం వచ్చినట్టుంది. నిన్న తలుపు దగ్గర నిలబడి 'ఏముంది దాంట్లో?' అంది. 'చుక్కలు' అన్నాను. 'ఎటు తిరుగుతున్నాయి?' అంది. 'కుడివైపు' అన్నాను. మెకానిక్‌కు కూడా కలిపి బియ్యం పొయ్యడానికి వెళ్లింది.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. ముప్ఫయి రెండు అయింది. మెకానిక్ డ్యూటీలో. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఒక్క అప్‌డేటూ తనంతట తాను కదలడం చూడలేదట, ఎప్పుడూ మధ్యలోనే ఆపేసేవాడట.

*

బాబాయ్,

నమస్కారాలు కూడా రాసే ఓపిక లేదు. బ్రాంచి వాళ్లు మా మెకానిక్ ఏడని నన్ను అడుగుతున్నారు. నాకు మెమో వచ్చేలా ఉంది.

ఎల్లుండే సభ. మీట నొక్కి పట్టుకో. తెర ఆరిపోయాక వదులు. మళ్లీ నొక్కు. ఇంతకంటే ఏమీ లేదు, చిన్నపిల్ల కూడా చేస్తుంది. పిన్ని ముఖం తలుచుకుని అయినా నొక్కు. అందరూ మాట్లాడి, నువ్వు మాట్లాడకపోతే ఆవిడ పైకి నవ్వుతుంది. ఇంటికెళ్లాక ఏం చేస్తుందో నీకు తెలుసు. ఏమీ చెయ్యదు. ఏమీ అనదు. అదే నాకు బాధ.

బుల్లి

తా.క. ఒక్క మాట నిజం చెప్పు బాబాయ్. అది తెరుచుకోవాలని నీకు అసలు ఉందా?

*

చిరంజీవి బుల్లికి,

బాబాయి మనసారా దీవించి రాసేది. సభ అయిపోయింది. నీ ఆఖరి ఉత్తరం అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. లేదు.

ఉపన్యాసం రాస్తున్నానన్నానే గానీ రాశానని నీకెక్కడా రాయలేదు, కావలిస్తే తీసి చూసుకో. మూడు నెలల్లో రాసింది 'సభకు నమస్కారం. మా ఆవిడ' అన్నంత వరకే. ఆ తర్వాత ఏం రాసినా గేటు దగ్గర రిపోర్టులా వచ్చేది. రాయడం, చెరపడం. అప్‌డేట్ బిగుసుకుపోయిన రోజున నిజానికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఉపన్యాసం ఉంది, పాపం లాప్‌టాపే తెరుచుకోవడం లేదని చెప్పుకోవచ్చు కదా. నువ్వు చెప్పిన చిట్కా ఒక్కొక్కటే పనిచేస్తుందేమోనని ఎంత భయపడ్డానో నీకేం తెలుసు!

శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి కాపలాకు వచ్చి చూస్తే చుక్కలు లేవు. గదిలో ఎవరూ లేరు. తెర తెల్లగా వెలుగుతోంది. దగ్గరకెళ్లి చూద్దును గదా, 'మా ఆవిడ' అన్న మాట తర్వాత రెండు పేజీల ఉపన్యాసం తయారుగా ఉంది! బుల్లీ, అప్‌డేట్ ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. అది రాస్తోందమ్మా. తొందరపెట్టి ఆపి ఉంటే సగంలో పోయేది. నీ చదువుకు పనికొస్తుందని చెబుతున్నాను, చుక్కలను చులకన చెయ్యకు.

ఏం రాసిందనుకున్నావు! బడి పైకప్పు కారితే ఆవిడ గొడుగు కింద పాఠం చెప్పిన సంగతి, పరీక్ష తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లి కూర్చున్న సంగతి, అన్నీ తేదీలతో సహా. నాకు తెలియనివి కూడా ఉన్నాయి. మెకానిక్ దగ్గరుండి ప్రింటు తీయించాడు. సభలో లేచి చదివాను. రెండో పేజీలో నా గురించి ఒక ముక్క ఉంది. ముందు చదువుకోలేదు, అక్కడే మొదటిసారి చూశాను. 'ఈవిడ భర్త ఊరందరికీ గేటు వేశాడు గానీ ఈవిడ వెళ్లే దారికి ఏనాడూ అడ్డు రాలేదు. ఉద్యోగం మానమని ఒక్కరోజూ అనలేదు. సాయంత్రం ఆలస్యమైతే పొయ్యి వెలిగించి ఉంచాడు.' యంత్రానికి నా మీద ఇంత అభిమానం ఉందని నేననుకోలేదు. ఎలాగో చదివేసి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు.

ఈ ఉత్తరం గట్టిగా అంటించి డబ్బాలో వెయ్యమని మీ పిన్ని చేతికే ఇస్తున్నాను. ఆవిడకు ఒకరి ఉత్తరాలు తెరిచే అలవాటు లేదు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. మెకానిక్ వెళ్లనంటున్నాడు. మీ మేనేజరుకు నెమ్మదిగా చెప్పు.

మళ్లీ తా.క. (పిన్ని రాసేది.) బుల్లీ, కెటిల్ ఆవిరి తగిలితే ఎంత గట్టిగా అంటించిన కవరైనా ఊడుతుంది. దర్జీ మీ బాబాయికి నమ్మకస్తుడే, కానీ వాళ్లావిడ నా దగ్గర చదువుకుంది. నీ ఉత్తరాలన్నీ ముందు నేను చదివాకే పైకి వచ్చాయి. శుక్రవారం బడికి సెలవు పెట్టి, కాపలావాళ్లను తలో పనికీ పంపి, నువ్వు రాసినట్టే మీట నొక్కి పట్టుకున్నాను. ఆరింది, మళ్లీ వెలిగింది. చూస్తే 'మా ఆవిడ' దగ్గర ఆగిపోయి ఉన్నారు పాపం. జాలేసి, మిగతాది నేనే రాసి పెట్టాను. ఈయన అభాసుపాలవడం నేను చూడలేను.

చదివేసి కూర్చున్నానని రాశారు కదా, కూర్చోలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంకొకటి చెప్పారు. 'పెళ్లికి ముందు ఈవిడ బస్సు పొద్దున నా గేటు దగ్గర ఆగేది. రైలు వెళ్లిపోయినా కాసేపు గేటు ఎత్తేవాణ్ణి కాదు. కిటికీ పక్కన కూర్చునేది.' అంతే అన్నారు. ఆ ఏడాదంతా నేను బడికి ఆలస్యంగా వెళ్లి, రోజూ చీవాట్లు తిని, రైళ్లవాళ్లను తిట్టుకున్నదాన్ని. ఇంటికొచ్చాక, ఆ ఆఖరి ముక్క కాగితంలో లేదే, ఎక్కడిదని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, అది కూడా అప్‌డేటే రాసిందంటున్నారు.