విలీనానికి కాపలా

తమ్ముడికి,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేను మంచాన పడ్డవాళ్ళకి ఆస్పత్రి మంచాలు ఉచితంగా ఇస్తాను, నువ్వు వాళ్ళ ఇళ్ళకి నర్సుల్ని పంపిస్తావు. రెండు సంస్థలూ ఒకటైతే గ్రాంటు ఇస్తామని ఫౌండేషన్ వాళ్ళన్నారు. బాగానే ఉంది. అధ్యక్షులు మాత్రం ఒక్కరే ఉండాలన్నారు, అంతే, నన్ను అడక్కుండా దరఖాస్తులో నీ పేరు రాసేసి సంతకానికి పంపుతావా? ఎంత ధైర్యం నీకు? అమ్మకి మంచం కోసం ఊరంతా తిరిగింది నేను. ఆ కష్టం ఇంకొకరికి రాకూడదనే ఈ సంస్థ పెట్టాను. నీ కింద పనిచేయడానికి కాదు.

నీ పేరు కొట్టేసి నాది రాశాను. నోరు మూసుకుని సంతకం పెట్టు.

మండిపోతూ,
అక్క

తా.క.: కొట్టేసేటప్పుడు కాగితం చిరిగింది. అతికించాను.

*

అక్కకి,

నమస్కారం పెట్టకపోతే దానికో ఉత్తరం రాస్తావు, అందుకని నమస్కారం.

మంచం కోసం తిరిగావు, కాదన్లేదు. మరి ఒళ్ళు పుండ్లు పడకుండా అమ్మని పక్కకి తిప్పుతూ కూర్చున్నదెవరు? మంచం తనంతట తాను మనిషిని చూసుకోదు. పైగా నీ గోడౌన్‌లో బోల్టు బిగిస్తే పనికొచ్చే మంచాలు మూలపడి ఉన్నాయట. కలిసే ముందు అక్కడేముందో నాకు తెలియాలి. రేపట్నుంచి నీ మరదలు వచ్చి కూర్చుంటుంది.

అధ్యక్షుడు కాబోయే,
తమ్ముడు

తా.క.: కాపలాకి పంపానని తనకి చెప్పకు. నీకు సాయం చేయడానికే వస్తున్నాననుకుంటోంది.

*

తమ్ముడికి,

నా మీద నిఘా పెడతావా? నువ్వొకర్ని పంపితే నేనూ పంపగలను. మీ బావ రేపట్నుంచి నీ ఆఫీసులోనే ఉంటారు. ఏ నర్సు ఎక్కడికెళ్తోందో, ఎవరింటికి ఎందుకు ఆలస్యమవుతోందో అన్నీ నా చెవిన పడతాయి.

ఇక నీ పెళ్ళాం సంగతి. వస్తూనే గోడౌన్ ఊడ్పించింది. మెకానిక్‌ని పిలిచి మంచాలన్నీ బాగుచేయిస్తోంది. ఎవరు చెయ్యమన్నారని అరిచాను. నవ్వి, టీ తెచ్చిచ్చింది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

నీ అంతు చూసే,
అక్క

తా.క.: మీ బావ బతిమాలినా సరే, టీలో పంచదార వెయ్యొద్దు. గూఢచారైనా మొగుడే కదా.

*

అక్కకి,

ముందు బావని వెనక్కి పిలువు. ఇంట్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చునే మనిషికి ఇక్కడ ఇన్ని మాటలెక్కడివి? నర్సులందర్నీ పిలిచి ఎవరిల్లెక్కడో కనుక్కున్నారు. ఇంటికి దగ్గర్లో ఉన్న రోగుల దగ్గరికే వెళ్ళేలా డ్యూటీలు మార్చేశారు. నన్నొక్క మాట అడగలేదు. ఇప్పుడు నర్సులు నా గది దాటుకుని ఆయన దగ్గరికెళ్తున్నారు. రోజంతా నా పెళ్ళాంతో ఫోన్లు. ఏ మంచం ఎక్కడికి, వెంట ఏ నర్సు అని. ఇదంతా నువ్వు తీసిన గొయ్యేనని నాకు తెలుసు.

తనిఖీకి ఫౌండేషన్ ఆవిడ మీ గోడౌన్‌కి వస్తోంది. ఆవిడతో నేనే మాట్లాడతాను. నువ్వు కలగజేసుకోకు.

ఓపిక నశించిన,
తమ్ముడు

తా.క.: పంచదార వేస్తున్నది నేను కాదు, నర్సులు.

*

తమ్ముడికి,

గ్రాంటు వచ్చింది. అప్పుడే సంతోషించకు, చివరిదాకా చదువు.

ఎవరు ముందు మాట్లాడాలని నువ్వూ నేనూ వరండాలో జుట్టూ జుట్టూ పట్టుకునేంత పనిచేశామా? ఆ సమయానికి లోపల నీ పెళ్ళామూ, నీ ఆఫీసు నుంచి వచ్చిన మీ బావా కలిసి ఎవరో పెద్దాయన ఇంటికి మంచాన్నీ నర్సునీ ఒకే వ్యాన్‌లో పంపించారట. ఫౌండేషన్ ఆవిడ అది చూసింది. "విలీనం కాకముందే మనుషుల్ని మార్చుకుని పనిచేసిన సంస్థల్ని ఎక్కడా చూడలేదండీ" అని ఫోన్‌లో ఒకటే పొగడ్త. కాపలాకి పంపుకున్నామని చెప్పకుండా థాంక్సండీ అన్నాను.

అధ్యక్షురాలు నీ పెళ్ళాం. కార్యదర్శి నా మొగుడు. ఇది ఫౌండేషన్ షరతు. మనిద్దరం గౌరవ సలహాదారులం. అడిగితేనే సలహా ఇవ్వాలట.

కోపంతో గోడౌన్‌కి వెళ్ళాను. ఒక్క మంచం లేదు, అన్నీ ఇళ్ళకి చేరాయి. ఇన్నేళ్ళలో ఆ గది ఖాళీగా చూడలేదు. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ నిన్నే తిట్టుకున్నాను.

నీలాగే పదవి పోయిన,
అక్క

తా.క.: మనిద్దరికీ కలిపి ఒకే బల్ల వేయించింది నీ పెళ్ళాం. ఫ్యాను వైపు నాది. రేపు పెందలాడే రా. ఇక ఉత్తరాల ఖర్చు లేదు, ఎదురుగానే తిడతాను.